హంగేరీ సయాజీ కథకు నేను ఊ కొట్టని రోజు

"పారెయ్యమన్నాను. పారెయ్యి."

"పారీడానికిది ఉల్లిపాయ తొక్కేటి? ఒకపక్కే రాసున్నాది, ఎన్ని కాయితాలో సూడండి. పైగా ఇవి ఆరోజు మీరు సదువుతూ ఏడిసినవి. నాకు గురుతుంది."

"గుర్తుంటే మరీ మంచిది. నీవల్లే తీసేశాను. పుస్తకంలో అవి లేవు."

"నావల్లేటి సయా? నేనేటి సేసాను? మీ బాస నాకొచ్చేటి?"

"నువ్వు ఊరుకున్నావు. మిగతా వాటన్నిటికీ ఊ అన్నావు. దానికి అనలేదు. ఒక్కసారి కూడా."

"పప్పు ఏరుకునే మనిషి నోరు సూసి పుస్తకం రాస్తారేటి ఎవులైనా!"

"నేను రాశాను."

యాంగోన్‌లో సేక్కాన్ పేట, రేవుకెదురుగా ఉన్న ఒక పాత మేడ, మూడో అంతస్తు, వంటిల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కాగితాల కట్ట నా చేతిలో ఉంది, చెత్తబుట్ట మా ఇద్దరి మధ్య ఉంది. ఆయన హంగేరీ దేశపు రచయిత, డెబ్బై దాటిన మనిషి. నేను ఆ ఇంట్లో వంటా ఇంటిపనీ చూసేదాన్ని. మర్నాడు ఉదయం ఆయన పుస్తకం వాళ్ళ దేశానికి బయల్దేరుతోంది. వాళ్ళ దేశపు ఆవిడ ఒకామె, జూజా అని, యాంగోన్ చూడటానికి వచ్చి తిరిగి వెళ్తూ తన సామానుతో పట్టుకెళ్తానంది. పోస్టు మీద ఆయనకు నమ్మకం లేదు. టైపు కొట్టిన ప్రతి ఆ ఒక్కటే.

మేము పోట్లాడుకున్నది బర్మా భాషలో. ఆయన ముక్కలు ముక్కలుగా, నేను గబగబా. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. నా మాటలు మాత్రం నా నోటికి ఎలా వస్తాయో అలాగే రాశాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మనవరాలు పోయిన నెల ఒక విదేశీయుల ఇంట్లో పనికి చేరింది. వచ్చి, "మామ్మా, ఆ సార్ రైటరంట. ఈజీ జాబ్ కదా? రోజంతా కూకునే ఉంటాడు, నో టెన్షన్" అంది.

"తిరిగీవోడితో పని సులువు. కూకున్నోడితోనే కష్టం" అన్నాను.

"అదేటి, ఎందుకు?"

చెప్పలేకపోయాను. యాంగోన్‌లోనే మేముండే తామ్వే పేటలో మా వీధి పిల్లలు ఇంకా ముగ్గురు నలుగురు ఇదే పనికి వెళ్తున్నారు. వాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడి తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి ఇంట్లో ఉంచేశారు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ పని ఏమిటంటే

వంట, తుడుపు, బట్టలు ఎవరైనా నేర్చుకుంటారు. అసలు పని అది కాదు. మీ ఇల్లు కాని ఇంట్లో రోజంతా ఉండాలి. ఏది పాతదో ఏది విలువైనదో తెలియకుండానే దాని మీద చెయ్యి వెయ్యాలి.

నా మొదటి ఇంట్లో ఒక దొరసాని ఉండేది. మంచి మనిషే. ఆవిడ ఫ్రిజ్‌లో వెన్న పొట్లాలు పసుపురంగుకు తిరిగి, ఏదో వాసన వేస్తున్నాయి. పాడైపోతాయన్న బాధతో మొత్తం కరిగించి, తమలపాకు వేసి, నెయ్యి కాచి సీసాలో పోశాను. సాయంత్రం ఆవిడ వచ్చి సీసా చూసింది, ఖాళీ ఫ్రిజ్ చూసింది, నన్ను చూసింది. వాళ్ళ ఊరి నుంచి ఎవరో మోసుకొచ్చిన వెన్నట అది. ఆ వాసన దాని గొప్పతనమట. తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

అక్కడ నేర్చుకున్నది ఒకటే. చెడగొట్టే ముందు అందరూ అడుగుతారు. పొదుపు చేసే ముందు కూడా అడగాలి. నేను జీవితమంతా దారాలు చుట్టి దాచిన మనిషిని, సబ్బు ముక్కలు కలిపి సబ్బు చేసిన మనిషిని. ఇప్పటికీ ఈ మాట నాకు కష్టంగానే ఉంటుంది.

తర్వాత ఇంకొన్ని ఇళ్ళు. వాటిలో చెప్పుకోదగ్గ తప్పులేవీ చెయ్యలేదు, చెప్పుకోదగ్గ మంచీ చెయ్యలేదు. ఆ తర్వాత సయాజీ.

ఆయన సంగతి నాకు తెలిసినంత

సయా అంటే పంతులుగారు. పెద్దవాళ్ళయితే సయాజీ అంటాం. ఆయన నన్ను డో సూరమ్మా అని పిలిచేవారు, డో అంటే మన గారు లాంటిది. పనిమనిషికి డో పెట్టి పిలిచిన తెల్లాయన నాకు ఆయనొక్కరే.

వాళ్ళలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. మాలాగే. ఆ మాట తెలిసిన రోజు నాకు ఆయన కొంచెం దగ్గరి మనిషిలా అనిపించారు. ఇంటిపేరు నా నోరు తిరగదు. అసలు పేరు ఇమ్రే.

ఆయన బతుకు నేను పోగు చేసుకున్నది ఇంతే. పుట్టింది నది పక్క చిన్న ఊరు. తండ్రి గొడుగులు బాగుచేసేవాడు. ఇంకోసారి గడియారాలు అన్నారు. రెండూ చేసేవాడేమో, నేను మళ్ళీ అడగలేదు. ఇంకా మీసాలు సరిగా రాని వయసులో ఊళ్ళోకి ట్యాంకులు వచ్చాయి. చలికాలంలో, మంచులో, నడిచి సరిహద్దు దాటారు. "ఒక్కడినే" అనేవారు ఎప్పుడూ. ఆ మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మారలేదు.

పరాయి దేశంలో హోటల్లో గిన్నెలు కడిగారు. తర్వాత ఒక లైబ్రరీలో పని దొరికింది. రాత్రిళ్ళు కథలు రాశారు, తన భాషలోనే. చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ భాష రాదు. వచ్చినవాళ్ళు ఉన్న దేశంలో ఆ పుస్తకాలు అమ్మనివ్వరు. ఎవరో సంచుల అడుగున దాచి పట్టుకెళ్ళి చదివేవారట. మరి ఎందుకు రాయడం అని అడిగాను. ఆయన, "నువ్వు ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు ఏ భాషలో తిట్టుకుంటావు?" అన్నారు. తెలుగులోనే అన్నాను. "అదే" అన్నారు. నాకు సగమే అర్థమైంది.

చాలా ఏళ్ళకు వాళ్ళ దేశంలో ప్రభుత్వం మారింది. పుస్తకాలు దుకాణాల్లోకి వచ్చాయి. పిలిచి సన్మానం చేశారు. ఆయన వెళ్ళి మాట్లాడితే కుర్రవాళ్ళు నవ్వారట, "తాతగారు మా అమ్మమ్మలా మాట్లాడుతున్నారు" అని. ఆయన పట్టుకెళ్ళిన భాష పాతబడిపోయింది. ఈ సంగతి మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. విశాఖ నుంచి చుట్టాలొస్తే మా తెలుగు విని వాళ్ళూ అలాగే నవ్వుతారు.

భార్య పోయాక ఇక్కడికి వచ్చేశారు. యాంగోనే ఎందుకని అడిగితే ఒకసారి నది కోసం అన్నారు. ఒకసారి ఎండ కోసం అన్నారు. ఒకసారి, "ఇక్కడ ఎవరూ నన్ను పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడగరు" అన్నారు. ఏది నిజమో ఇప్పటికీ నాకు తెలీదు.

తిండి విషయానికొస్తే, ఆయన దగ్గర ఎర్రటి పొడి డబ్బాలు ఉండేవి. రంగే తప్ప కారం లేని కారం. అంత డబ్బా దాచుకుని తినడానికి అందులో ఏముందో నాకు అంతుపట్టలేదు. పళ్ళతో చారు కాచి, అదీ చల్లార్చి, అన్నానికి ముందు తాగాలనేవారు. చేసిపెట్టాను. నేను మాత్రం రుచి చూడలేదు.

ఊ

పొద్దున్నంతా ఆయన పెన్సిలుతో రాసేవారు. భోజనమయ్యాక నేను చేటలో పప్పు పోసుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"చదువుతాను. విను."

"నాకు ఒక్క ముక్క తెలీదు సయా."

"చెవులున్నాయి కదా."

చదవడం మొదలుపెట్టారు. వినడానికి అది చెరువులోకి గులకరాళ్ళు విసిరినట్టు ఉంటుంది, ప్రతి మాటకీ మొదట్లోనే దెబ్బ పడుతుంది. నాకు తెలియకుండానే, ఆయన ఆగిన చోటల్లా ఊ కొట్టాను. చిన్నప్పుడు మా నాయనమ్మ కథ చెప్తే ఊ కొట్టకపోతే ఆపేసేది. అలవాటు నోట్లో ఉండిపోయింది.

"ఏమిటది, ఊ?" అని అడిగారు.

"మాలో కథ సెప్తే అలా అంటాం. పడుకోనేదు, ఇంటన్నాను, కానీండి అని."

ఆయనకు భలే నచ్చింది. ఆ రోజు నుంచి రోజూ చదివేవారు. రెండేళ్ళ దగ్గర దగ్గర. నేను పప్పు ఏరేదాన్ని, బియ్యం ఏరేదాన్ని, చింతపండు గింజలు తీసేదాన్ని. ఊ కొట్టేదాన్ని. కాగితం అంచున ఆయన పెన్సిలుతో చిన్న గీత గీసుకుంటూ ఉండేవారు. ఆ గీతలేమిటో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. వెన్న దగ్గర నేర్చుకున్న పాఠం కాగితం దగ్గర మర్చిపోయాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయన గొంతు మారింది. మెల్లగా చదువుతున్నారు. కాసేపటికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, ఆపడమూ లేదు. నేను చేట కింద పెట్టేశాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాను. పోయినవాళ్ళ గురించి తెలుస్తూనే ఉంది, దానికి భాష అక్కర్లేదు. తల్లి గురించి అనుకున్నాను.

చదవడం అయ్యాక ఆయన నా వైపు చూశారు. నేను కదల్లేదు. కాగితాలు దొంతి పెట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను మెల్లగా గిన్నెలు కడుక్కుని, చప్పుడు కాకుండా వచ్చేశాను. మర్యాదగా నడుచుకున్నానని కూడా అనుకున్నాను.

మళ్ళీ ఆ తగువు

అందుకే ఆ కట్ట చెత్తబుట్టలో కనబడేసరికి తీసి అడిగాను. అలా రేగింది.

"మాలో ఏడుస్తూ సెప్పీ మనిషికి ఊ కొట్టకూడదు సయా" అన్నాను. "ఊ కొడితే, ఇంకా సెప్పు, ఇంకా ఏడువు అన్నట్టుంటాది. పాపం కాదేటి? అందుకని నోరు మూసుకుంటాం. ఎంత పెద్ద దుఃకమైతే అంత మూసుకుంటాం."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"తలుపేసుకున్నారు కదా. తలుపు కొట్టి సెప్పీదా?"

"రెండేళ్ళు నీ ఊ విన్నాను, అది పడిన చోటల్లా అంచున గీత పెట్టుకున్నాను. అది లేని చోట, ఇది మాటలే, ఇందులో ప్రాణం లేదు, అనుకున్నాను. ఈ భాషలో నాకు ఇంకెవరూ లేరు, చదివి చూడమనడానికి. అది తీసేశాక మిగతా పుస్తకమంతా మళ్ళీ రాశాను. ఆమె లేకుండా."

"ఎవులా ఆమె?"

అప్పుడు చెప్పారు. చెల్లెలట. పదమూడేళ్ళది. మంచులో సరిహద్దు దాకా ఆయనతో నడిచింది. చివరి ఊళ్ళో ఆమె కాళ్ళు వాచిపోయాయి. ఒక ముసలావిడ ఇంట్లో కూర్చోబెట్టి, నేను దారి చూసి వస్తానని చెప్పి, ఆయన వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె ఇల్లు చేరింది, పెద్దదైంది, ఉత్తరాలు రాసింది. ఆయన తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టేనాటికి లేదు. ఈ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ రాయలేదు. అన్నిట్లోనూ ఒక్కడినే అనే రాశారు. ఈ ఒక్క దాంట్లో రాశారు. నేను ఊరుకున్నానని దీంట్లోంచీ తీసేశారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. కానీ అబద్ధం మీద మనిషిని నిలబెట్టడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"సయా, నేను ఊ కొట్టినవి కూడా ఏటీ తెలిసి కొట్టినవి కావు. సగంసార్లు బస్సు దొరుకుద్దా నేదా అని ఆలోసిస్తూ కొట్టాను. ఒకసారి నిద్దర్లో కూడా కొట్టీసుంటాను. మీరాగితే నేను ఊ అన్నాను, అంతే. మీ కతలో మంచీ సెడ్డా నాకేటి తెలుసు?"

ఆయన ముఖం చూసి, చెప్పకూడనిది చెప్పానని అర్థమైంది. ఊరుకున్నందుకు ఒక చెల్లెలు పోయింది. మాట్లాడినందుకు మొత్తం పుస్తకమే పోయేలా ఉంది. ఆయన నా చేతిలోంచి కట్ట తీసుకున్నారు. చెత్తబుట్టలో వెయ్యలేదు. బల్ల మీద, సిద్ధంగా మూట కట్టి ఉన్న పుస్తకం పక్కన పెట్టారు. మూట ముడి విప్పారు. మళ్ళీ కట్టారు. మళ్ళీ విప్పారు.

"వెళ్ళు డో సూరమ్మా" అన్నారు. "రేపు ఆవిడ తొమ్మిదికి వస్తుంది. ఏం ఇవ్వాలో నాకు తెలియడం లేదు."

తామ్వే బస్సులో కూర్చుని దారంతా ఆలోచించాను. మా కోడలు ఏటైందని అడిగితే, "ఒక పెద్దమనిషి రెండేళ్ళ కష్టం నా నోట్లో ఇరుక్కుపోయింది" అన్నాను. దానికీ అర్థం కాలేదు.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇక్కడ చెప్తాను, దీని తర్వాత చెప్పడానికి ఉండదు. రాసేవాళ్ళూ ఒంటరివాళ్ళూ ముసలివాళ్ళూ ఉన్న ఇంట్లో మీరు ఉత్త పనిమనిషి కారు. మీ ముఖాన్ని, మీ చప్పుడును, మీరు గిన్నె పెట్టిన తీరును వాళ్ళు చదువుతారు, మీకు తెలియకుండా. వాళ్ళు ఏం చదువుకున్నారో అప్పుడప్పుడు అడగండి. మొదట్లోనే అడగండి. మన ఇంటి మర్యాద వాళ్ళకు తెలుసునని అనుకోకండి. ఇది మా మనవరాలికి చెప్తే, "మరి నిజం చెప్పీడం రైటా, రాంగా మామ్మా?" అంది. అక్కడే నాకూ తెలీదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలీదు. బస్సు సంగతి చెప్పకుండా ఉండాల్సిందని వారంలో మూడు రోజులు అనుకుంటాను. మిగతా రోజులు చెప్పడమే సరి అనుకుంటాను.

మర్నాడు ఉదయం

ముందు బస్సుకే వెళ్ళాను. సయాజీ చొక్కా మార్చుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు పుస్తకం మూట ఉంది, పక్కన ఆ కట్ట ఉంది. టీ పెట్టాను, తాగలేదు.

జూజా చెప్పిన వేళకే వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, చెమటతో ముఖమంతా ఎర్రగా ఉంది. కింద కారు ఆగి ఉంది. సయాజీ వాళ్ళ భాషలో ఏదో అడిగారు. ఆవిడ చేతి గడియారం చూసుకుని కుర్చీలో కూర్చుంది. నన్ను కూడా కూర్చోమన్నారు. నేను నా చోట, కిటికీ దగ్గర, కింద కూర్చున్నాను. చేట తీసుకోలేదు.

ఆయన ఆ కట్ట విప్పి చదివారు. ఈసారి ఏడవలేదు. గొంతు మాత్రం ఆ రోజు లాగే ఉంది. నేను ఆయన్ని చూడలేదు, జూజానే చూస్తున్నాను. ఆవిడకు ప్రతి మాటా తెలుసు. మొదట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. కాసేపటికి సంచి కింద పెట్టింది. కింద నుంచి డ్రైవరు కారు హారన్ కొట్టాడు. ఆవిడ తల తిప్పలేదు. ఇంకోసారి కొట్టాడు.

చదవడం అయిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. తల వంచుకుని చేతులు చూసుకుంటోంది. నేనూ ఏమీ అనలేదు. రేవులో ఓడ కూత ఒకటి వినపడి ఆగిపోయింది. సయాజీ ఆవిడను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఆవిడను చూశారు.

తర్వాత ఆయన మూట ముడి విప్పారు. కాగితాలు లెక్క చూసుకోకుండా మధ్యలో ఎక్కడో తెరిచి, ఆ కట్టను అక్కడ పెట్టారు. తీసి ఇంకొంచెం ముందుకు పెట్టారు. నా వైపు తిరిగి, "తాడు" అన్నారు. మూట లావైంది, ఉన్న తాడు చాలలేదు. వంటింట్లోంచి పాత తాడు ముక్క తెచ్చి ముడేసి ఇచ్చాను.

మూట నేనే కిందికి మోసుకెళ్ళి కారులో పెట్టాను. జూజా ఎక్కేముందు ఇంగ్లీషులో నాతో ఏదో అంది. అందులో సిస్టర్ అన్న మాట ఒక్కటే నాకు అందింది. ఎవరి సంగతో తెలియలేదు. కారు వెళ్ళిపోయింది.

పైకి వచ్చేసరికి సయాజీ కుర్చీలోనే ఉన్నారు. మిగతా పుస్తకంలో ఇంకా ఆయన ఒక్కరే నడుస్తూ ఉంటారని, మధ్యలో ఈ పిల్ల వచ్చి చేరిందని, చదివేవాళ్ళు తికమక పడతారని అన్నారు.

"పడనీండి" అన్నాను.

"ఈ రోజు చదవడానికి ఏమీ లేదు" అన్నారు.

"నేకపోతే నెగిసి తానం సేసి రండి. కరెంటు పోతే నీళ్ళాగిపోతాయి."

లేచి వెళ్ళారు. చల్లారిన టీ మళ్ళీ వెచ్చబెట్టాను.